ఇంటేక్ మ్యానిఫోల్డ్ మసితో పూడుకుపోయింది, ఇంట్లోనే విప్పి కడగాలనుకుంటున్నా: అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

రెండో ఓనర్
అందరికీ నమస్తే. నాది 1.6 లీటర్ల కామన్ రైల్ డీజిల్ కారు, 16 వాల్వులు, 1,42,000 కిలోమీటర్లు తిరిగింది. నా చేతికొచ్చి రెండేళ్లు. ఆరు నెలలుగా కింది గేర్లలో పికప్ పోయింది. రెండో గేరులో 1,500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ తొక్కితే ఊపిరి బిగబట్టినట్టు ఆగి, వెనక నల్లగా పొగ వదిలి, ఆ తర్వాత కదులుతుంది. స్కానర్ పెడితే పి0401, అంటే ఈజీఆర్ దారిలో గ్యాసు చాలినంత రావడం లేదన్న కోడ్. ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) విప్పి శుభ్రంగా తుడిచి బిగించా. పది రోజులు బాగుంది, మళ్లీ అదే కోడ్.

నిన్న థ్రాటిల్ బాడీ తీసి లోపలికి టార్చి వేసి చూశా. గుండె జారిపోయింది. సిలిండర్లకు గాలి పంచే మ్యానిఫోల్డ్ మూతిలో చుట్టూరా నల్లటి ముద్ద, గోటితో గీస్తే గోరు దిగబడింది. మధ్యలో గాలి పోవడానికి మిగిలిన సందు నా బొటనవేలు కష్టం మీద దూరేంత. ఆయిల్, బ్రేక్ ప్యాడ్లు, గ్లో ప్లగ్గులు నేనే మార్చుకుంటాను. ఈ పని కూడా నా వల్ల అవుతుందా?

పాత స్పానర్
అవుతుంది బాబూ. గ్లో ప్లగ్గులు విరగకుండా తీసినవాడివి, మ్యానిఫోల్డ్ తీయలేకపోవడం ఉండదు. తొందర మాత్రం పనికిరాదు. మొదటిసారి కాబట్టి రెండు పూర్తి రోజులు పెట్టుకో, ఆ రెండు రోజులూ బండితో అవసరం లేకుండా చూసుకో.

ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకో. మసి వదిలించడం కష్టమే కానీ ప్రమాదం కాదు. మ్యానిఫోల్డ్ బయటికొచ్చాక హెడ్డులో ఎనిమిది కంతలు నోరు తెరుచుకుని ఉంటాయి చూడు, అక్కడుంది ప్రమాదం. అందులో ఒక వాషర్ పడితే చాలు, ఇంజిన్ పోతుంది. మ్యానిఫోల్డ్ ఇలా పక్కకు రాగానే అలా కంతలు మూసెయ్యాలి. చిన్న గుడ్డ ముక్కలు కుక్కొద్దు, లోపలికి జారిపోతాయి. ఒక్కో కంతకు పిడికిలంత గుడ్డ, సగం బయటికి కనబడేలా. ఎన్ని పెట్టావో గోడమీద సుద్దతో రాసుకో.

కొత్తగా నేర్చుకుంటున్నా
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. ఎయిర్ ఫిల్టర్ తర్వాతి గొట్టంలోకి కొట్టే క్లీనర్ స్ప్రేలు దొరుకుతున్నాయి కదా. ఇంజిన్ నడుస్తుండగా కొడితే విప్పే పనే లేదంటున్నారు. అది సరిపోదా?

నిదానం
గోరు దిగబడేంత ముద్ద పేరుకున్నాక స్ప్రేతో పోదండీ. పైపొర మెత్తబడి పెచ్చులుగా ఊడితే అవి నేరుగా వాల్వుల మీదికి, సిలిండర్లోకి వెళ్తాయి. వాల్వు సీటు మీద గట్టి పెచ్చు ఇరుక్కుంటే కంప్రెషన్ పోతుంది. సన్నటి పొర ఉన్నప్పుడు, ఈజీఆర్ వాల్వును బయటికి తీసి కడిగేటప్పుడు స్ప్రే మంచిదే.

ఇంకో విషయం, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. డీజిల్ ఇంజిన్‌లో పెట్రోల్ ఇంజిన్‌లా గాలిని ఆపి వేగాన్ని అదుపు చేసే పద్ధతి లేదు. గాలితోపాటు మండేది ఏది లోపలికి వెళ్లినా దాన్ని కాల్చుకుంటూ వేగం పెంచుకుంటూ పోతుంది. కీ తిప్పి ఆపేసినా ఆగదు. ద్రవం ఎక్కువైతే జరిగేది అదే. కడిగిన మ్యానిఫోల్డ్‌లో కిరోసినో డీజిలో అడుగున నిలిచిపోయి, అలాగే బిగించి స్టార్ట్ చేసినా అదే జరుగుతుంది.

గాలి లెక్క
రెండో ఓనర్ గారూ, విప్పే ముందు ఇది ఎందుకు పేరుకుందో అర్థం చేసుకుంటే పని సగం తేలికవుతుంది.

ఈజీఆర్ పొగగొట్టం గ్యాసులో కొంత వెనక్కి తెచ్చి గాలిలో కలుపుతుంది. ఆ గ్యాసులో ఆక్సిజన్ తక్కువ కాబట్టి మంట వేడి తగ్గుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ పుడతాయి. దానితోపాటు మసి కూడా వస్తుంది. ఆ మసి పొడి. కాటుకలా మెత్తటి పొడి. అదొక్కటే అయితే వేలెడు మందాన పేరుకోదు, చాలావరకు గాలితో లోపలికి పోయి కాలిపోతుంది.

దాన్ని అంటించే జిగురు వేరే ఉంది. పిస్టన్ రింగుల పక్కనుంచి క్రాంక్‌కేసులోకి దిగిన గ్యాసు, ఆయిల్ ఆవిరిని వెంటబెట్టుకుని బ్రీదర్ గొట్టం గుండా టర్బో ముందుకు వస్తుంది. అక్కడినుంచి టర్బో, గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ దాటి మ్యానిఫోల్డ్ చేరుతుంది. ఆ జిడ్డూ ఈ మసీ కలిసే చోటే తారు తయారవుతుంది. పెట్రోల్ బళ్లలో పోర్టులో ఇంజెక్టర్ ఉంటే ఇంధనమే వాల్వు వీపును కడుగుతుంది. డీజిల్ నేరుగా సిలిండర్లో చిమ్ముతుంది కాబట్టి ఇక్కడ కడిగేవాళ్లు లేరు.

అంచేత నా మాట: మసి కడగడంతో ఆపకండి, జిడ్డు ఎక్కడినుంచి ఇంతగా వస్తోందో పట్టుకోండి. ఈజీఆర్ వాల్వు కడిగిన పది రోజులకే కోడ్ తిరిగొచ్చిందంటే అడ్డు వాల్వులో లేదు, దాని తర్వాతి దారిలో ఉంది. విప్పేముందు స్కానర్‌లో ఒక కొలత రాసి పెట్టుకోండి. మూడో గేరు, 2,500 ఆర్‌పీఎం, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు స్ట్రోకుకు ఎన్ని మిల్లీగ్రాముల గాలి వెళ్తోంది? టర్బో ఒత్తిడి లేకుండా మామూలు గాలి మీ 400 సీసీ సిలిండర్లో పూర్తిగా నిండితే 480కి అటూఇటూ. టర్బో తోసినప్పుడు దానికి దాదాపు రెట్టింపు కనబడాలి.

రెండో ఓనర్
ఇవాళ ఖాళీ రోడ్డు మీద ఫ్రెండుని పక్కన కూర్చోబెట్టి చదివించా. 690. మూడుసార్లు చూశాం, 680కీ 700కీ మధ్యే. శనివారం పొద్దున్నే మొదలుపెడుతున్నా. ఇంజెక్టర్లకు డీజిల్ తెచ్చే హై ప్రెషర్ రైలు గొట్టాలు విప్పాల్సి వస్తుందేమోనని ఒక్కటే భయం.

పాత స్పానర్
కొన్ని ఇంజిన్లలో వాటిని ముట్టుకోకుండానే మ్యానిఫోల్డ్ పక్కకి వస్తుంది. ముందు బాగా చూడు. తప్పనిసరైతే ఇంజిన్ ఆపిన వెంటనే ముట్టుకోకు. కామన్ రైలులో ఒత్తిడి 1,600 బార్ దాకా, కొన్నిట్లో ఇంకా ఎక్కువ ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా అక్కడ చేయి పెడితే సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది. పైకి సూది గుచ్చినట్టే ఉంటుంది, లోపల కండ కుళ్లిపోతుంది, ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. రాత్రంతా చల్లారనివ్వు. విప్పిన గొట్టం చివర్లకు వెంటనే శుభ్రమైన మూతలు పెట్టు, ఇంజెక్టర్‌కి దుమ్ము రేణువు కూడా శత్రువే. ఒకసారి విప్పిన హై ప్రెషర్ గొట్టాన్ని మళ్లీ వాడొద్దని చాలా మాన్యువల్స్‌లో రాసి ఉంటుంది, నీదాంట్లో చూసుకో.

బ్యాటరీ నెగెటివ్ తీసెయ్. ఈజీఆర్ కూలర్‌కి వెళ్లే నీళ్ల గొట్టాలు విప్పేట్టయితే కూలెంట్ దించుకో. బోల్టులు చివర్లనుంచి మధ్యకు వదులు చెయ్యి, బిగించేటప్పుడు మధ్యనుంచి చివర్లకు.

రెండో ఓనర్
శనివారం రాత్రి. మ్యానిఫోల్డ్ బయట ఉంది!

హై ప్రెషర్ గొట్టాలు ముట్టుకోవాల్సిన పని రాలేదు. ఎనిమిది బోల్టుల్లో ఏడు ఒక్క గంటలో వచ్చేశాయి. ఎనిమిదోది వెనకవైపు, ఫైర్‌వాల్ దగ్గర, కంటికి కనబడదు. అద్దం పెట్టి చూస్తూ చేయాలి. తుప్పు వదిలించే నూనె కొట్టి రెండు గంటలు వదిలేశా. తర్వాత ఒక్కసారిగా లాగకుండా, కొంచెం వదులు, మళ్లీ కొంచెం బిగింపు, మళ్లీ వదులు... అలా కిర్రుకిర్రుమంటూ నలభై నిమిషాలకు వచ్చింది. అది విరగనందుకు నేనెంత ఆనందపడ్డానో మాటల్లో చెప్పలేను.

లోపల చూసింది చెబుతా. ఎనిమిది దారులూ ఒకేలా లేవు. ఈజీఆర్ కలిసే చోటుకి దగ్గరున్న రెండు దాదాపు మూసుకుపోయాయి, చిటికెన వేలు పట్టేంత సందు. చివరి రెండిట్లో పలుచటి పొర మాత్రమే. ముద్దని అడ్డంగా కోసి చూస్తే చెట్టు కాండంలో ఉన్నట్టు పొరలు పొరలుగా ఉంది. అడుగున గట్టి బొగ్గు, పైన మెత్తటి తారు, దానిమీద తడి నూనె మెరుపు. ఆ పైపొర తడి చూశాకే గాలి లెక్క గారి మాట నాకు ఒంటబట్టింది.

ఎర్ర నట్టు
దేనితో కడుగుతున్నావన్నా? దయచేసి కాస్టిక్ సోడా జోలికి పోకు. రెండేళ్ల కిందట నేను చేసిన తప్పు అదే. మసి తొందరగా పోతుందని ఎవరో చెబితే వేడి నీళ్లలో కలిపి అల్యూమినియం మ్యానిఫోల్డ్ ముంచా. నిమిషంలో నురగలు కక్కుతూ పొంగింది. తీసేసరికి ప్యాకింగ్ కూర్చునే మొహం అంతా గుంటలు గుంటలు. ఎంత మంచి ప్యాకింగ్ వేసినా గాలి లీకు ఆగలేదు, మ్యానిఫోల్డే మార్చాల్సి వచ్చింది. తర్వాత తెలిసింది, అల్యూమినియాన్ని కాస్టిక్ తినేస్తుంది, అప్పుడు వచ్చేది హైడ్రోజన్, అగ్గి తగిలితే అంటుకుంటుంది. ఓవెన్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేది కూడా అదే, డబ్బా వెనక చదివి వాడండి.

నిదానం
ఎర్ర నట్టు చెప్పింది అక్షరాలా నిజం. నా పద్ధతి: ముందు పొడిగానే ఎంత వస్తే అంత గీకెయ్యడం. ఇనుప స్క్రూడ్రైవర్ వద్దు, చెక్క పుల్ల, ప్లాస్టిక్ గరిటె లాంటివి. తర్వాత కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెట్టడం. పొద్దున సీసాలు కడిగే పొడవాటి బ్రష్షుతో తోమి, వేడి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు ద్రవంతో కడగడం. మళ్లీ కిరోసిన్, మళ్లీ సబ్బు. మూడు విడతలు పడుతుంది. ప్రెషర్ వాషర్ ఉంటే ఆఖరి విడతలో మూలల్లోది కూడా వస్తుంది. పెట్రోల్‌తో కడగొద్దు, దాని ఆవిరి నేలమీద పాకి దూరంగా ఉన్న నిప్పునైనా అందుకుంటుంది. ఇల్లు తగలబడుతుంది.

డ్రిల్లుకు ఇనుప తీగల బ్రష్షు బిగించి లోపల తిప్పేవాళ్లున్నారు. ఒక్క తీగ ఊడి మూలలో ఇరుక్కున్నా తర్వాత సిలిండర్లోకే వెళ్తుంది. నైలాన్ బ్రష్షుతో చేయండి.

చేతికి నైట్రైల్ గ్లవ్స్, ముక్కుకి మంచి మాస్కు తప్పనిసరి. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో మొదటి వర్గంలో చేర్చింది. గీకేది ఆ పొగ వదిలిన మసినే. కడిగిన నీళ్లు, కిరోసిన్ కాలవలో పోయకండి. డబ్బాలో నిలవబెడితే మసి అడుగుకు దిగుతుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ తీసుకునేవాళ్లకు ఇచ్చేయండి.

కొత్తగా నేర్చుకుంటున్నా
మా బండిది ప్లాస్టిక్ మ్యానిఫోల్డ్, లోపల రేకుల్లాంటివి తిరుగుతుంటాయి. దానికీ ఇదే పద్ధతా?

గాలి లెక్క
అవి స్విర్ల్ ఫ్లాపులు, లోపలికి వెళ్లే గాలిని సుడి తిప్పేవి. ఘాటైన ద్రావకాలు, మరిగే నీళ్లు వద్దు. ప్లాస్టిక్ వంగితే మళ్లీ సరిగ్గా కూర్చోదు. గోరువెచ్చటి సబ్బు నీళ్లు, ప్లాస్టిక్‌కి పనికొస్తుందని రాసి ఉన్న డీగ్రీజర్, ఓపిక. ఫ్లాపుల్ని మోటార్ తగిలించి ఉండగా చేత్తో బలవంతంగా తిప్పొద్దు, లోపలి ప్లాస్టిక్ గేర్లు విరుగుతాయి. లింకు ఊడదీసి ఒక్కోదాన్నీ పట్టి ఊపి చూడండి. ఇరుసు దగ్గర లొడలొడలాడుతుంటే కడిగి పెట్టకండి, మార్చండి. ఫ్లాపు స్క్రూ ఊడి సిలిండర్లో పడి పిస్టన్ పగిలిన ఇంజిన్లు ఉన్నాయి. మ్యానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి కొలిచే ఎంఏపీ సెన్సార్ తీసి పక్కన పెట్టాకే కడగండి. దాన్ని గీకొద్దు, ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరబెట్టండి.

రెండో ఓనర్
ఆదివారం సాయంత్రం. మూడు విడతలు అయ్యాయి. కడగకముందు, కడిగాక వంటింటి త్రాసు మీద తూచా. తేడా 340 గ్రాములు! ఇంత బరువు నా బండి గొంతులో ఉందంటే నమ్మబుద్ధి కావడం లేదు. ఇప్పుడు లోపల వేలు పెట్టి రుద్దితే లోహం గరుకు తగులుతోంది.

హెడ్డు వైపు కంతల్లోనూ మసి ఉంది, వాల్వు కాడల దాకా. అది ఎలా తీయాలి? వాల్వు తెరుచుకుని ఉంటే గీకింది లోపలికి పోతుంది కదా.

పాత స్పానర్
మంచి ప్రశ్న. నీది మామూలు నాలుగు సిలిండర్లది, పేలే వరస 1-3-4-2 అయితే రెండే భంగిమలు చాలు. మొదటి సిలిండర్ కంప్రెషన్ మీద పైకొచ్చి ఆగినప్పుడు ఒకటికి, రెండుకి ఇంటేక్ వాల్వులు మూసి ఉంటాయి. ఆ రెండిటి పని అయ్యాక క్రాంకు సరిగ్గా ఒక పూర్తి చుట్టు తిప్పు, అప్పుడు మూడుకి, నాలుగుకి మూసుకుంటాయి. క్రాంకు పుల్లీ బోల్టుకి పొడవాటి సాకెట్ రెంచి పెట్టి చేత్తోనే తిప్పాలి, ఇంజిన్ తిరిగే దిక్కుకే. వెనక్కి తిప్పకు, టైమింగ్ బెల్టు పళ్లు జారే వీలుంది. తిప్పే ముందు గుడ్డలన్నీ తీసెయ్. లెక్క చెప్పానని నమ్మి మొదలెట్టకు, టార్చి వేసి వాల్వు కూర్చుందో లేదో కళ్లతో చూసుకో.

వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి సన్నటి పైపు టేపుతో చుట్టి, ఒక చేత్తో అది కంతలో పెట్టి, రెండో చేత్తో గీకు. గీకింది గీకినట్టే అది లాగేస్తుంది. ద్రవం పొయ్యకు. ఎంత కొట్టినా గుడ్డకు పట్టేంతే. సిలిండర్లోకి దిగిన ద్రవం నొక్కుకుపోదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అందంగా మెరవాలని పంతం పట్టకు, గాలికి అడ్డొచ్చేది పోతే చాలు.

రెండో ఓనర్
సోమవారం సెలవు పెట్టా. రెండు భంగిమల లెక్క సరిగ్గా కుదిరింది, టార్చి వేసి చూస్తే మీరు చెప్పినట్టే వాల్వులు కూర్చుని ఉన్నాయి. కంతల పని నాలుగు గంటలు పట్టింది.

తర్వాత నా ప్రాణం పోయినంత పనైంది. బిగించబోతూ ట్రేలో లెక్కపెడితే బోల్టులు ఎనిమిది, వాషర్లు ఏడు. గుడ్డలు ఎనిమిదికి ఎనిమిదీ ఉన్నాయి. అంటే కంతలు మూసి ఉన్నప్పుడు పడిందా, మూయకముందా? గ్యారేజీ నేలంతా వెతికా. అయస్కాంతం పుల్ల పెట్టి ఒక్కో కంతా తడిమా. చివరికి ఫోనుకి తగిలించే ఎండోస్కోప్ కెమెరా తెప్పించి ఎనిమిదీ చూశా, ఏమీ లేదు. అయినా మనసు ఒప్పలేదు. బండి కింద ప్లాస్టిక్ కవచం విప్పి దులిపితే టంగుమని రాలింది. అక్కడే నేలమీద కూర్చుండిపోయా.

పాత స్పానర్
మంచి పని చేశావు బాబూ. దొరికేదాకా బిగించకపోవడమే అసలైన పనితనం. ఇప్పుడు కొత్త ప్యాకింగ్ వెయ్, పాతది ఎంత బాగున్నట్టు కనబడినా వద్దు. పైన పేస్టు పుయ్యకు. మొహాలు ఆరిన గుడ్డతో తుడువు. బోల్టులు చేత్తో దిగినంత దించి, మధ్యనుంచి రెండు విడతల్లో టార్క్ రెంచితో బిగించు. టార్క్ ఎంతో మాన్యువల్‌దే పట్టుకో. అల్యూమినియం హెడ్డులో థ్రెడ్డు చెడితే ఆ బాధ వేరు.

నిదానం
మ్యానిఫోల్డ్ ఆరిందా? పైకి ఆరినట్టు కనిపిస్తుంది, మూలల్లో నీళ్లు దాగుంటాయి. ఎండలో ఒక పూట, మధ్యమధ్యలో తలకిందులు చేస్తూ, గాలి కొట్టి చూడండి. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఎయిర్ గొట్టం మూతికి సరిపోయే గట్టి పలక ఒకటి దగ్గర పెట్టుకోండి. ఇంజిన్ దానంతటది వేగం అందుకుంటే దాంతో మూతి మూయాలి. చేయి మాత్రం అడ్డం పెట్టకండి.

రెండో ఓనర్
స్టార్ట్ అయింది. మొదట నిమిషం బూడిదరంగు పొగ, తర్వాత మామూలే. కోడ్ చెరిపేశా. 40 కిలోమీటర్లు తిరిగొచ్చా. 1,500 దగ్గర ఆ ఊపిరి బిగబట్టడం లేదు. అదే రోడ్డు, అదే గేరు, 2,500 దగ్గర 860 మిల్లీగ్రాములు.

గాలి లెక్క గారూ, జిడ్డు సంగతి కూడా చూశా. ఇంటర్‌కూలర్ కింది గొట్టం విప్పితే దాదాపు 60 మిల్లీలీటర్ల ఆయిల్ కారింది.

గాలి లెక్క
860 చూసి చాలా సంతోషం. ఆ 60 మాత్రం నాకు నచ్చలేదు. గొట్టం గోడలకు తడి పొర ఉండటం మామూలే, ధారగా కారకూడదు. మూడు చోట్ల చూడండి. ఒకటి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ పై గీత దాటి ఉందా? ఎక్కువ పోసినా, పొగలోని మసిని పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్) శుభ్రపరుచుకునేటప్పుడు డీజిల్ ఆయిల్లో కలిసినా మట్టం పెరుగుతుంది. రెండు, టర్బో ఇరుసుకి ఊగులాట. మూడు, ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తీసి చూడండి. బుసబుసా గాలి తంతే రింగులు అనుమానించాలి. లోపలికి గట్టిగా లాగుతుంటే బ్రీదర్ డయాఫ్రమ్ చిరిగి ఉంటుంది.

రెండో ఓనర్
మూడోదే! మూత తిప్పితే వస్తోంది కానీ ఎత్తబోతే లోపలినుంచి పట్టి లాగుతున్నట్టుంది. తీయగానే ఇన్నాళ్లూ బెల్టు శబ్దం అనుకున్న సన్నటి ఈల ఆగిపోయింది. వాల్వు కవర్ మీది చిన్న మూత కింద రబ్బరు పొర, అంచున అర్ధచంద్రాకారంలో చిరుగు. గోరంత ఉంటుంది. అది మార్చి, ఇంటర్‌కూలర్ కడిగి ఆరబెట్టి బిగించా.

ఎర్ర నట్టు
అన్నా, ఇంత చేశావు కదా, ఈజీఆర్‌కి రేకు అడ్డం పెట్టి మూసెయ్యకపోయావా? మళ్లీ మసే రాదు.

గాలి లెక్క
వద్దు తమ్ముడూ. చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం. ఆ వాల్వు మన వెనకున్నవాళ్లు పీల్చే గాలి కోసం ఉంది. ఈజీఆర్ మూసినా చిరిగిన రబ్బరు ఆయిల్ తాగుతూనే ఉండేది, అది పట్టుబడేదే కాదు.

రెండో ఓనర్
మూడు నెలల తర్వాత రాస్తున్నా, 3,200 కిలోమీటర్లు అయ్యాయి. ఇవాళ థ్రాటిల్ బాడీ మళ్లీ తీసి చూశా. లోపల నల్లగానే ఉంది, తెల్లగుడ్డ చూపుడువేలికి చుట్టి రుద్దా. గుడ్డకు అంటింది పొడి మసి. ఊదితే ఎగిరిపోయింది. జిడ్డు మరక లేదు.